దూషించుట వాక్స్వాతంత్ర్యమా?



కులము పేరు పెట్టి తిట్టినవానికి జైలుశిక్ష విధించు చట్టము వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని ఒక వాదము ఈ మధ్య తరచుగా వినబడుచున్నది. ప్రజాస్వామ్యములో ఎవని నోటికిని తాళము వేయరాదట. మాట మాటయే గాని దెబ్బ కాదట. తిట్టినవాని తిట్టు వానికే తగులును గనుక విని ఊరకుండుట పెద్దమనిషి లక్షణమట. పట్టణములలో పుట్టిన ఈ మాట ఇప్పుడు మన పల్లెలలోని రచ్చబండల మీదికిని, టీ కొట్ల బల్లల మీదికిని వచ్చి కూర్చున్నది. వింత యేమనగా, మన సంఘములలో నాలుగక్షరములు నేర్చిన యౌవనస్థులు కొందరు, ఆ తిట్లు పడిన తాతల మనుమలే, దీనికి తల ఊపుచున్నారు. అందుచేత ఈ మాసము ఈ సంగతిని విప్పి వ్రాయనెంచితిని. మృదువుగా వ్రాయుదునని మాత్రము మాట ఇయ్యజాలను.

మొదట చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. ఏలయనగా దానిని చదువనివారే దానిని గూర్చి గట్టిగా మాటలాడుచున్నారు. మన రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులందరికి వాక్స్వాతంత్ర్యమును ఇచ్చినది. అదే అధికరణములోని రెండవ ఖండము ఆ స్వాతంత్ర్యమునకు సమంజసమైన హద్దులు పెట్టవచ్చునని చెప్పి, అందుకు కారణములను కూడ పేర్కొన్నది. శాంతిభద్రతలు, మర్యాద, నీతి, పరువునష్టము, నేరమునకు పురికొల్పుట అనునవి వాటిలో ఉన్నవి. దానికి రెండడుగుల ఇవతల 17వ అధికరణము నిలిచియున్నది. అంటరానితనము రద్దు చేయబడినదనియు, దానిని ఏ రూపమున పాటించినను నేరమేయనియు అది చెప్పుచున్నది. ఈ రెండింటిని వ్రాసినది ఒకే సభ. ఆ సభలో కూర్చున్నవారికి మాట విలువ తెలియక కాదు. వారిలో అనేకులు తెల్లదొరల ప్రభుత్వమునకు విరోధముగా మాటలాడి జైళ్లలో మగ్గినవారు. అట్టివారే వాక్స్వాతంత్ర్యమును ఒక చేతను, అంటరానితనపు నిషేధమును మరియొక చేతను పట్టుకొనిరి.

ఆ తరువాత 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. 1976లో దానిని బిగించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. అదియు చాలక 1989లో షెడ్యూల్డు కులముల, తెగల మీది అత్యాచారముల నిరోధక చట్టమును పార్లమెంటు చేసెను. అది 1990 జనవరి 30 నుండి అమలునకు వచ్చెను. ఈ చట్టమును సవరించి, 2016 జనవరి 26 నుండి, నలుగురు చూచు చోట కులము పేరుతో దూషించుటను ప్రత్యేక నేరముగా నిలిపిరి. ఆరు నెలలకు తక్కువ గాకుండ, ఐదేండ్లకు మించకుండ జైలు, దానితో జరిమానా.

ఈ నేరము ఎంత ఇరుకైనదో గమనింపుడు. ఇంటిలో నాలుగు గోడల మధ్య, బయటివారెవరును లేని చోట అన్న మాటకు ఈ సెక్షను తగులదని సుప్రీంకోర్టు 2020లో చెప్పినది. 2024 ఆగస్టులో మరియొక కేసు వచ్చినది. కేరళలో ఒక ఛానలు నడుపు వ్యక్తి షెడ్యూల్డు కులమునకు చెందిన ఒక శాసనసభ్యుని ఘాటుగా విమర్శించెను. ఆ విమర్శ అతని కులమును పట్టి చేసినది కాదు గనుక, విమర్శింపబడినవాడు షెడ్యూల్డు కులస్థుడైనంత మాత్రమున ఈ చట్టపు నేరము కాజాలదని సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పెను. సర్పంచి దళితుడైనను అతని లెక్కలు తప్పని మీరు చెప్పవచ్చును. ఎమ్మెల్యే దళితుడైనను అతడు పనికిమాలినవాడని సభ పెట్టి చెప్పవచ్చును. నా వంటి పాస్టరు ప్రసంగము చప్పగా ఉన్నదని చెప్పుటకైతే మీకు చట్టము అవసరమే లేదు. మరి ఈ చట్టము మూసిన నోరేది? ఆలోచింపుడు.

ఇక మాట దెబ్బ కాదను వారి సంగతి. వీరు కులదూషణను ఎన్నడును దగ్గరనుండి వినలేదని నాకు తోచుచున్నది. ముప్పది ఏండ్లు పల్లెటూళ్ల సంఘములలో కాపరిగా తిరిగినవాడను గనుక నేను విన్నాను. అది ఎప్పుడు పడునో కనిపెట్టితిని. పొలములో వంగి నాట్లు వేయుచున్న స్త్రీ మీద అది పడదు. చెప్పిన పని చెప్పినట్లు చేయుచున్నవాని మీద పడదు. నిలిచిపోయిన కూలి డబ్బులు అడిగిననాడు పడును. రేషను దుకాణము దగ్గర, "అయ్యా, మా వంతు ముందున్నది" అన్ననాడు పడును. పెండ్లి ఊరేగింపు మేళముతో పెద్దవీధిని పోయిననాడు పడును. గ్రామసభలో అరువదియేండ్ల వృద్ధుడు లేచి, తన పేటకు నీళ్ల పైపు ఏల రాలేదని అడుగబోగా, ఇరువదియేండ్ల పిల్లవాడు "ఒరేయ్" అని మొదలుపెట్టి కులము పేరును దానికి తగిలించి, "నువ్వు కూడ మాట్లాడేవాడివయ్యావా?" అనును. ఆ ప్రశ్నను మరల చదువుడు. నువ్వు కూడ మాట్లాడేవాడివయ్యావా? వాక్స్వాతంత్ర్యమును గూర్చి ఇంత పచ్చిగా మాటలాడిన వాక్యము నాకు మరియొకటి తెలియదు. కులదూషణ పని యేదియో అదే చెప్పుచున్నది: నోరు తెరచినవాని నోరు మూయించుట.

అభిప్రాయమునకు జవాబు ఉండును. వరి కంటె ప్రత్తి లాభమని మీరు చెప్పిన, కాదని నేను లెక్క చూపవచ్చును. ఫలాని పార్టీ మంచిదని మీరన్న, చెడ్డదని నేను అనవచ్చును. మీరే గెలువవచ్చును, నేనే గెలువవచ్చును, ఇద్దరమును మాటలాడితిమి. "ఒరేయ్ ఫలానావాడా" అను కూతకు ఏమి జవాబు చెప్పవలెను? "నేను కాను" అనవలెనా? "ఔను" అనవలెనా? అందులో తప్పో ఒప్పో తేల్చుటకు ఏ సంగతియు లేదు. అది అభిప్రాయము కాదు, ఆజ్ఞ. నీ చోటికి నీవు పొమ్మను ఆజ్ఞ. దానికి ఉన్నవి రెండే జవాబులు. ఒకటి, తల వంచుకొని కూర్చుండుట. మన తాతలు అదే చేసిరి. చేసి, ఆ రాత్రి ఇంటికి వచ్చి భార్యాబిడ్డల మీద ఆ కోపమును తీర్చుకొనినవారును కలరు. రెండవది, ఎదురు నిలుచుట. ఎదురు నిలిచినచో ఏమి జరుగునో 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో లోకమంతయు చూచినది. మాదిగపల్లెవారు త్రాగు నీళ్లను మురికి చేయవద్దని ఒకడు అడ్డు చెప్పెను. వానిని కొట్టబోగా ఒక స్త్రీ అడ్డముగా నిలిచెను. అంతే; నోరు తెరచుటయే నేరమైనది. మరునాడు ఆరుగురు మాదిగలను వెంటాడి చంపిరి. వాక్స్వాతంత్ర్యమునకు ప్రాణము పోసితిమని చెప్పుకొను వారలారా, ఆ ఊరిలో ఆనాడు ఎవరి వాక్స్వాతంత్ర్యము పోయినది?

ఒక నోటికి హద్దు పెట్టినందున నూరు నోళ్లు తెరచుకొనుచున్నవి. ఇది మాటలకు విరోధమైన చట్టము కాదు. గ్రామసభలో ఆ వృద్ధుడు తన వాక్యమును ముగించుటకు పనికివచ్చు చట్టము.

"అయ్యా, కులము పేరు పేరే గదా? మీ సర్టిఫికెట్టు మీదనే వ్రాసియున్నది గదా? ఉన్న పేరుతో పిలిచిన నేరమా?" అని కొందరు తెలివిగా అడుగుదురు. దీనికి మన దేశచరిత్రయే జవాబు చెప్పును. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగినప్పుడు, భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షపీఠము మీదనుండి పంచములను పేరే కూడదనిరి. ఎవరో పెట్టిన అయిదవ స్థానము మాకేల, మేము ఈ నేలకు ఆదివాసులము అని వాదించిరి. ఆ సభ ఆది ఆంధ్ర సభ ఆయెను. 1922లో మద్రాసు ప్రభుత్వము కూడ పాత పేర్లను విడిచి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అను పేర్లను వాడుటకు ఒప్పుకొనెను. ఇక 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమము పుట్టినప్పుడు కథ తిరుగబడినది. ఏ మాటను విని తాతలు తల వంచిరో ఆ మాటనే మనుమలు తమ పేర్ల చివర తగిలించుకొని తల ఎత్తిరి. మాట ఒక్కటే. ఒకడు తన పేరు ప్రక్కన వ్రాసికొన్న అది కిరీటము; మరియొకడు నలుగురిలో వాని మొగము మీద విసరిన అది ఉమ్మి. ఇంతమాత్రము భేదము తెలియనివాడు తెలుగుదేశములో ఎవడును లేడు. తిట్టినవానికి అందరికంటె బాగుగా తెలియును. తెలియకున్న ఆ మాటను ఏరి తీసికొనడు. 2008లో సుప్రీంకోర్టు ముందుకు ఇట్టి సందేహమే వచ్చినది. ఉత్తరాదిని చర్మపు పని చేయు కులమువారి పేరు తిట్టా, కేవలము పేరా? అవమానింపవలెనని వాడినప్పుడు అది నేరమే యని కోర్టు చెప్పెను. 2011లో తమిళనాడునుండి వచ్చిన కేసులో, అమెరికాలో నల్లవారిని పిలిచిన పాత తిట్టుమాటను జ్ఞాపకము చేసి, ఒకనాడు చెల్లిన మాట ఈనాడు చెల్లదని ఆ కోర్టే వ్రాసినది.

అమెరికా మాట వచ్చినది గనుక దానిని కూడ ముగింతము. మన పల్లెలనుండి పోయి అక్కడ ఉద్యోగములు చేయుచున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, "అక్కడ ఇట్టి చట్టములు లేవండి, ఎవరేమన్నను అడుగరు" అని చెప్పుదురు. సగము నిజము. కేవలము జాతిద్వేషపు మాట పలికినందుకు అక్కడ సాధారణముగా జైలు లేదు. 1992లో వారి సుప్రీంకోర్టు ఒక కేసును తీర్చెను. సెయింట్ పాల్ నగరములో కొందరు కుర్రవాండ్రు రాత్రివేళ ఒక నల్లవారి ఇంటి ఆవరణలో సిలువను చేసి తగులబెట్టిరి. జాతి, మతము మొదలైనవాటిని ఎత్తి రెచ్చగొట్టు గుర్తులను మాత్రమే ఏరి నిషేధించిన ఆ నగరపు శాసనము చెల్లదని కోర్టు కొట్టివేసినది. ఇది మన స్వేచ్ఛావాదులు చెప్పు సగము. మిగిలిన సగమేమనగా, పలికిన క్షణముననే కలహమును రేపు తిట్లకు రక్షణ లేదని ఆ కోర్టే 1942లో చెప్పియుండెను. భయపెట్టు ఉద్దేశముతో సిలువను తగులబెట్టుటను ప్రభుత్వము నిషేధింపవచ్చునని 2003లో చెప్పెను. 1964 నాటి పౌరహక్కుల చట్టము క్రింద, పని చేయు చోట జాతి తిట్లతో మనిషిని వేధించి బ్రతుకనీయనిచో, దానిని సహించిన యజమాని నష్టపరిహారము కట్టవలసివచ్చును. ఇంగ్లండు 1965లోనే జాతిద్వేషమును రెచ్చగొట్టుటను నేరము చేసినది. అక్కడ పత్రికలు మూతపడలేదు, హైడు పార్కులో ఉపన్యాసములు ఆగలేదు. మనము సిలువను మెడలో వేసికొను జనులము. ఆ సిలువనే ఒక జాతివారి గుమ్మము ముందు మంటగా నిలిపి, దానిని కూడ ఒక విధమైన మాట యనువారి చరిత్రను చదివినప్పుడు, మాటకు హద్దే లేదను వాదము ఎంత దూరము పోగలదో మనకు కొంత అర్థము కావలెను.

అయితే ఒక సంగతి న్యాయముగా ఒప్పుకొనవలెను. మాటను శిక్షించు చట్టము ఏదైనను ప్రభువుల చేతిలో కత్తియే. నేడు తిట్టినవాని మీద దూసిన కత్తిని రేపు విమర్శించినవాని మీద దూయవచ్చును. మనకు ఇది పొరుగింటి కథ కాదు. మతభావములను గాయపరచినారని 1927లో తెల్లదొరలు శిక్షాస్మృతిలో చేర్చిన సెక్షను ఇప్పుడు క్రొత్త న్యాయసంహితలో క్రొత్త నెంబరుతో ఉన్నది. వీధి ప్రసంగము చేయువాడు దాని నీడలోనే నిలుచుండవలెను. కావున మనోభావములు గాయపడినవని ఎవడు అరచిన వానిని సమర్థించుటకు నేను సిద్ధముగా లేను. ఒకడు పుస్తకము వ్రాసి, కులవ్యవస్థ మంచిదే, దానిని నిలుపవలెనని వాదించెననుకొనుడు. వాని పుస్తకమును తగులబెట్టవద్దు, వానిని జైలులో వేయవద్దు; వానికి జవాబు వ్రాయుడు. క్రీస్తు విశ్వాసమును తప్పు పట్టినవానికి కూడ అంతే. నమ్మకమునకు గాయము తగిలిన దానిని నమ్మకమే మాన్చుకొనవలెను. మనిషిని నిలువబెట్టి నలుగురిలో నీవు మనిషివి కావనుట వేరు. ఈ రెంటిని ఒకే త్రాసులో వేయుట మన విద్యావంతులకు అలవాటైనది. ఒకటి భావమును గూర్చినది, రెండవది దేహముతో ఎదుట నిలిచియున్న ఒక మనిషిని గూర్చినది.

దొంగ కేసులు పెట్టుచున్నారను మాటయు ఉన్నది. పెట్టువారు కొందరుందురు. భూతగాదాలలోను, అప్పు తగాదాలలోను, ఏ చట్టము పేరుతో దొంగ కేసులు పెట్టబడలేదు? 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ కారణముననే అరెస్టుకు ముందు కొన్ని ఆటంకములు పెట్టెను. ఆ సంవత్సరమే పార్లమెంటు సవరణ చేసి వాటిని తొలగించెను. 2020లో కోర్టు ఆ సవరణను అంగీకరించెను. దీనిమీద నేను ఎక్కువ వ్రాయను. నా అనుభవములో దొంగ కేసుల కంటె, పెట్టకుండ రాజీ చేయబడిన నిజమైన కేసులే యెక్కువ. ఆ రాజీలకు పెద్దలుగా కూర్చున్నవారిలో పాస్టర్లును ఉన్నారు.

ఇప్పుడు మన గుండెకు దగ్గరి సంగతికి వచ్చితిని. ఇంతవరకు చెప్పిన చట్టము షెడ్యూల్డు కులస్థులను కాపాడును. షెడ్యూల్డు కులస్థుడెవడు? 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము హిందువులు. 1956లో సిక్కులు చేర్చబడిరి, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవుడు చేర్చబడలేదు. మన రాష్ట్రములలో అతడు వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింపబడుచున్నాడు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు చెప్పెను. కులము పేరుతో దూషింపబడితినని ఒక పాస్టరు పెట్టిన కేసును, అతడు క్రైస్తవుడై పాస్టరుగా పనిచేయుచున్నాడు గనుక ఈ చట్టపు రక్షణ అతనికి లేదని కొట్టివేసెను. అతని చేతిలో కుల సర్టిఫికెట్టు ఉన్నది గదా అనగా, అది రద్దు కాకపోయినంత మాత్రమున రక్షణ రాదని చెప్పెను. న్యాయమూర్తిని నేను నిందింపను. ఉత్తర్వు ఎట్లున్నదో తీర్పు అట్లున్నది. నేను నిందించుచున్నది ఉత్తర్వునే.

ఎందుకనగా, తిట్టువాడు బాప్తిస్మపు రిజిస్టరు చూచి తిట్టడు. "నీవు హిందువుగా ఉన్నావా, క్రైస్తవుడవైతివా? క్రైస్తవుడవైతే ఈ మాట నీకు వర్తించదు, క్షమింపుము" అని ఎవడైనను అన్నాడా? మన పెద్దలు బాప్తిస్మము పొందినప్పుడు క్రొత్త పేర్లు తీసికొనిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్టి దినములలో ఏసేబులు, దేవదానములు, సువార్తమ్మలు పల్లెపల్లెను పుట్టిరి. ఊరిలో ఎంతమంది ఆ పేర్లతో వారిని పిలిచిరి? పిలుపు పాతదే నిలిచినది. ఆ పాత పిలుపునకు నొచ్చుకొను హక్కును మాత్రము దేశము మననుండి తీసికొన్నది. ఒకే పేటలో ప్రక్కప్రక్క ఇండ్లలో ఉన్న అన్నదమ్ములలో అన్న గుడికి పోవును, తమ్ముడు మందిరమునకు వచ్చును. ఒకే బావి దగ్గర, ఒకే నోటినుండి, ఒకే మాట ఇద్దరి మీదను పడినది. అన్న ఫిర్యాదు చేసిన డీఎస్పీ వచ్చి విచారించును. తమ్ముని ఫిర్యాదు స్టేషను గుమ్మములోనే ఆగిపోవును. షెడ్యూల్డు తెగలవారికి ఈ చిక్కు లేదు. కొండదొర క్రైస్తవుడైనను కొండదొరయే, చట్టము అతనితోనే ఉండును. మరి మాలవాడును మాదిగవాడును చేసిన నేరమేమి?

నా వాదము ఇది. దూషణను నేరము చేయునది తిట్టువాని ఉద్దేశము. అట్లయినప్పుడు పడినవాని మతమును విచారించుట ఏల? రిజర్వేషను, స్కాలర్‌షిప్పు ఎవరికి చెందవలెనను ప్రశ్నను పార్లమెంటు వేరుగా తేల్చుకొనవచ్చును. తిట్టు సంగతిలో అట్టి తర్జనభర్జన అక్కరలేదు. పుట్టుకను ఎత్తి అవమానింపబడిన ప్రతివానికి ఈ సెక్షను వర్తించునట్లు ఒక్క వాక్యము సవరించిన చాలును. మన మిషను సంఘములు, సభలు, బిషప్పులు ఢిల్లీకి వ్రాయు మహజరులలో ఈ ఒక్క వాక్యమును వేరుగా అడిగియుండవలసినది. పెద్ద కోరికతో చిన్న కోరికను కలిపి అడుగుటచే రెండును నిలిచిపోయినవని నా అభిప్రాయము. సర్టిఫికెట్టు కొరకు బాప్తిస్మమును దాచుకొను కుటుంబములు మన మధ్య ఉన్నవి. వారిని ప్రసంగపీఠము మీదనుండి గద్దించుట సులభము. వారి పిల్లల కాలేజీ ఫీజు కట్టుట కష్టము. నేను గద్దింపను.

మన ఇంటిలోనికి కూడ చూచుకొందము. ఆ చట్టములోనే మరియొక మాట ఉన్నది. నిందితుడు షెడ్యూల్డు కులమునకు గాని తెగకు గాని చెందనివాడై ఉండవలెను. అనగా మాలవాడు మాదిగవానిని, మాదిగవాడు మాలవానిని, ఈ ఇద్దరును కలిసి ఎరుకలవానిని, యానాదివానిని తిట్టినప్పుడు ఈ చట్టము కలుగజేసికొనదు. ఇది మన మందిరములలో జరుగుట లేదని చెప్పుటకు ఎవరికి ధైర్యమున్నది? సంఘ ఎన్నికల దినమున విని చూడుడు. స్మశానపు స్థలము కొరకు గొడవ వచ్చిననాడు విని చూడుడు. మాలపల్లె మందిరమునుండి మాదిగపల్లె మందిరమునకు పిల్లనిచ్చుట అను మాట ఎత్తిననాడు, ప్రార్థన చేసిన నోటితోనే ఏమి వచ్చునో విని చూడుడు. ప్రభువు కొండమీది ప్రసంగములో సహోదరుని వ్యర్థుడా అని పిలుచుటను నరహత్యను గూర్చిన ఆజ్ఞ క్రిందనే పెట్టి బోధించెను. ఆ పిలుపు కూడ ఆ కాలపు తిట్టే. బొంకుటను గూర్చిన ఆజ్ఞ క్రింద ఆయన దానిని పెట్టలేదు. మాట దెబ్బ కాదను సిద్ధాంతము అక్కడనే కూలినది.

మందిరపు నాలుగు గోడలలోనికి పోలీసు రానక్కర లేదు. రాకుండుటయే మంచిది. త్రాగి వచ్చినవానిని, రెండవ భార్యను తెచ్చుకొన్నవానిని ప్రభురాత్రి భోజనపు బల్లనుండి ఆపుటకు మన సంఘములకు నియమములున్నవి, పెద్దలున్నారు, మినిట్సు పుస్తకమున్నది. కులము పేరుతో సహోదరుని దూషించినవానిని ఆ బల్లనుండి ఆపినట్లు ఎన్ని సంఘముల పుస్తకములలో వ్రాసియున్నది? తీసి చూడుడు. అట్లు ఆపినప్పుడు వాడు లేచి "నాకు వాక్స్వాతంత్ర్యము లేదా?" అని అడిగిన, పెద్దలు నవ్వుదురు గదా. వీధిలో అదే ప్రశ్న వేసినవాని యెదుట మాత్రము మన యౌవనస్థులు గంభీరముగా ఆలోచనలో పడుచున్నారు.

ఊరిలో దూషింపబడినవారి కొరకు రెండు మాటలు వ్రాసి విరమించెదను. క్రైస్తవులుగా నమోదైనవారు ఊరకుండనక్కర లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 352వ సెక్షను కలదు. శాంతిభంగము కలుగునట్లు బుద్ధిపూర్వకముగా అవమానించినవానికి రెండేండ్ల వరకు శిక్ష అని అందున్నది. అది మతమును అడుగదు. అత్యాచారముల చట్టమంత బలమైనది కాదు, అయినను చేతిలో ఉన్నది. షెడ్యూల్డు తెగలవారు క్రైస్తవులైనను పెద్ద చట్టము క్రిందనే ఫిర్యాదు చేయవలెను. స్టేషనులో ఎవరైన కాదన్న వినవద్దు. ఫిర్యాదులో దినము, వేళ, చోటు వ్రాయుడు. అక్కడ నిలిచి చూచినవారి పేర్లు వ్రాయుడు. ముఖ్యముగా, తిట్టిన మాటను ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. మనవారు సిగ్గుపడి "నానా దుర్భాషలాడెను" అని వ్రాయింతురు. కోర్టులో ప్లీడరు లేచి, ఆ దుర్భాషలో కులము పేరు ఎక్కడున్నదని అడుగును, కేసు పోవును. వ్రాయువాడు మొగమాటపడిన, మీరే ఆ మాటను పలికి, అక్షరము తప్పకుండ వ్రాయించి, మరల చదివించుకొని సంతకము చేయుడు.